పాప "నా" అంటే వద్దనా, నాదనా? ఒడియా, మరాఠీ సరిహద్దుల్లో ఒక చిన్న మాట

బరంపురం_కోడలు

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు సోంపేట దగ్గర, పెళ్ళయి బరంపురం వచ్చాను. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. పాపకి మూడో ఏడు నడుస్తోంది. వీధిలో, అంగన్‌వాడీలో అంతా ఒడియానే.

ఈమధ్య దేనికైనా "నా" అంటోంది. పాలు తాగమంటే "నా". స్నానానికి రమ్మంటే "నా". ఒడియాలో అది వద్దు, కాదు అనే మాటని నాకూ తెలుసు. చిక్కెక్కడంటే, బొమ్మని గట్టిగా పట్టుకుని కూడా "నా" అంటుంది. అప్పుడు నాది అంటోందో, ఇవ్వను అంటోందో అర్థం కాదు. మా అత్తగారు "పిల్లకి ఇక తెలుగు అబ్బదు" అని బెంగపెట్టుకున్నారు. మామయ్యగారు కూడా ఆ మాటే అనేసరికి నాకూ టెన్షన్ పట్టుకుంది. సరిహద్దు ఊళ్ళలో పిల్లల్ని పెంచినవాళ్ళు చెప్పండి. దిద్దాలా, వదిలేయాలా?

పర్లాకిమిడి_మాస్టారు

అమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. తెలుగు పిల్లల్నీ ఒడియా పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మీ పాప చేస్తున్న పని చాలా ఇళ్ళలో చూశాను.

వద్దనడానికీ కాదనడానికీ తెలుగులో పిల్ల ఎన్ని మాటలు నేర్వాలో చూడు. "పాలు తాగుతావా?" అంటే "వద్దు" అనాలి. "అన్నం తిన్నావా?" అంటే "లేదు". "ఇది నీ గ్లాసేనా?" అంటే "కాదు". "ఈ పాట వచ్చా?" అంటే "రాదు". మనకి ఇవి పుట్టుకతో వచ్చినట్టుంటాయి గానీ, మూడేళ్ళ పిల్ల ప్రతిసారీ ప్రశ్న ఏ రకమో పోల్చుకుని జవాబు ఏరుకోవాలి. ఒడియాలోనూ ఈ తేడాలున్నాయి. కాదుకి నుహెఁ, లేదుకి నాహిఁ. కానీ ఎవరేమడిగినా ముందుగా "నా" అని ఒక్క ముక్క అనేస్తే చెల్లిపోతుంది. నాలుగు ప్రశ్నలకీ సరిపోయే మాట ఒకటి దొరికితే పిల్ల దాన్నే పట్టుకుంటుంది. అది తెలుగు పోవడం కాదు.

ఇక బొమ్మ సంగతి. తెలుగు "నా" ఒంటరిగా నిలబడలేదు. దాని వెనక ఏదో ఒకటి రావాలి: నా బొమ్మ, నా చెయ్యి. ఏమీ లేకపోతే అది "నాది" అయి తీరాలి. ఒడియా "నా" మాత్రం ఒంటరిగా నిలబడుతుంది. ఒడియాలో నాది అనాలంటే "మోర" అంటారు. కాబట్టి పాప "నా" అని ఆగిపోతోందా, వెంటనే "బొమ్మ" అని కలుపుతోందా గమనించు. ఆగితే అది వద్దు, ఇవ్వను. కలిపితే అచ్చ తెలుగు.

దిద్దడం అంటావా, "నా అనకు" అని గదమాయించవద్దు. "వద్దా? సరే, వద్దులే, తర్వాత తాగుదువు గాని" అను. ఆ ఒక్క వాక్యంలో "వద్దు" రెండుసార్లు చెవిన పడుతుంది.

కటక్_అమ్మాయి_జయపురం_కోడలు

నా మాతృభాష ఒడియా. కటక్‌లో పుట్టాను, జయపురంలో తెలుగువాళ్ళింటికి కోడలిగా వచ్చి తెలుగు నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే చెప్పండి. మాస్టారు చెప్పింది నిజం. దానికి కొంచెం కలుపుతాను, ఎందుకంటే మా భాషలో "నా" ఒక్కటి కాదు.

ఒకటి, వద్దు, కాదు అనే "నా". కొట్టినట్టు పొట్టిగా అంటాం.

రెండు, పేరు. అది "నాఁ". ముక్కులోంచి వస్తుంది. "తుమొ నాఁ కొణొ?" అంటే మీ పేరేమిటి అని. రాసేటప్పుడు పైన చంద్రబిందువు పెడతాం. మా అత్తగారింటివాళ్ళకి మొదట్లో ఈ రెండిటికీ తేడా వినపడేది కాదు, నాకేమో రెండూ వేరే మాటలు.

మూడు, పడవ. "నాఆ" అని సాగదీస్తాం. పడవ నడిపేవాణ్ణి నాఉరియా అంటారు.

నాలుగోది మా ఇంట్లో రోజూ వినపడుతుంది. "చా నా కఫి?" ఇక్కడ "నా" అంటే "లేక". టీయా, కాఫీయా అని అడగడం. మా ఆడపడుచు కొడుకు చిన్నప్పుడు ఇది విని, టీ అందరికీ, కాఫీ మాత్రం నాది అనుకునేవాడు!

ఐదోది బతిమాలడం. "కుహొ నా" అంటే చెప్పవూ, చెప్పొచ్చుగా అని. ఇదే ముక్కని కలిపేసి, బరువు మార్చి "కుహొనా" అంటే చెప్పకు అని అర్థం. కాగితం మీద ఈ రెండూ ఇంచుమించు ఒకటే. గొంతులో మాత్రం ఎవ్వరూ పొరపడరు. ఒకటి సాగుతూ పైకి లేస్తుంది, ఇంకోటి తెగినట్టు పడుతుంది. మీ పాప "నా" అన్నప్పుడు గొంతు వినండి వదినా. సాగదీసి బతిమాలుతోందంటే వద్దనడం లేదేమో, ఇంకేదో అడుగుతోందేమో.

ధర్మాబాద్_మిర్చి

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బజార్ల మరాఠీ, హిందీ. మా దగ్గర పిల్లలు "నా" అని ఊరుకోరు, "నకో" అంటరు. మరాఠీల నాహీ వేరు, నకో వేరు. నాహీ అంటే లేదు, కాదు. నకో అంటే వద్దు. సరిగ్గా మన "వద్దు" కూర్చునే చోటే "నకో" కూర్చుంటది. అందుకే మా పిల్లలు "నాకు నకో" అని కలిపి చెప్తరు. హైదరాబాద్ దక్కనీ ఉర్దూల వినే "నక్కో" కూడా ఈ మరాఠీ మాటనే.

మరాఠీ "నా" కటక్ అక్క చెప్పిన ఐదో దాని లాంటిది. "బోల్ నా" అంటే చెప్పవా అని. "హో నా?" అంటే అవును కదా అని. దాన్నే ముందుకు జరిపి రెండుసార్లు వాడితే అడ్డం తిరుగుతది. "నా ఇకడే, నా తికడే" అంటే ఇటూ కాదు, అటూ కాదు. వెనక ఉంటే బతిమాలుడు, ముందు ఉంటే కాదనుడు.

ఇట్లాంటివి ఇంక శాన ఉన్నయ్. మరాఠీల "కా" అంటే ఎందుకు, హిందీల "కా" అంటే యొక్క. "నే" అంటే మరాఠీల తీసుకుపో అని, పాత పద్యాల "నే" అంటే నేను. ఒడియాల "మా" అంటే అమ్మనట కదా, మనకేమో అది మా ఇల్లు, మా ఊరు.

రాయగడ_జంక్షన్

మాస్టారూ, ఇవన్నీ సంస్కృతం నుంచే కదా వచ్చాయి? సంస్కృతంలో "న" అంటే కాదు. అందులోంచే ఒడియా "నా", తెలుగు "నా" రెండూ పుట్టి ఉంటాయి. నాది అంటే నీది కాదు అనే కదా అర్థం! కొరియా భాషలో కూడా "నా" అంటే నేను. కొరియావాళ్ళకీ తెలుగువాళ్ళకీ పాత చుట్టరికం ఉందని ఎక్కడో చదివాను.

పర్లాకిమిడి_మాస్టారు

బాబూ, ఆలోచన బాగానే ఉంది గానీ నిలబడదు. ఒక్కొక్క "నా"ని దాని ఇంటికి పంపుదాం.

ఒడియా "నా", నాహిఁ, మరాఠీ నాహీ, నకో, ఇవన్నీ సంస్కృత "న" సంతానం. ఇంగ్లీషు "నో" కూడా దూరపు చుట్టమే. ఒడియా "నాఁ", మరాఠీ "నావ్", హిందీ "నామ్", మనం అరువు తెచ్చుకున్న "నామం", ఇవన్నీ సంస్కృత "నామన్" నుంచి వచ్చాయి. ఇంగ్లీషు "నేమ్" వీటికి దాయాది. పడవది మూడో ఇల్లు. సంస్కృత "నౌ" నుంచి ఒడియా "నాఆ", మరాఠీ "నావ్", మన "నావ" వచ్చాయి. ఇంగ్లీషు "నేవీ" కూడా అటువైపుదే. అంటే ఒడియాలోనే మూడు వేర్వేరు మాటలు వందల ఏళ్ళలో అరిగి అరిగి దాదాపు ఒకే చప్పుడయ్యాయి.

తెలుగు "నా" వీటిలో ఎవరి ఇంటిదీ కాదు. అది ద్రావిడ కుటుంబం మాట. తమిళం "నాన్", కన్నడం "నాను", "నన్న" చూడు. మన శ్రీకాకుళం పల్లెల్లో ఇప్పటికీ "నాను" అంటారు. నన్నయ కాలంలో "నేను"కి బదులు "ఏను" అని ఎక్కువగా వాడేవారు, అయినా "నా" అప్పుడూ ఉంది. "నీది కాదు" అన్న అర్థం లోంచి "నాది" పుట్టలేదు.

కొరియా సంగతి. ఒక చిన్న అచ్చు, ఒక చిన్న హల్లు కలిస్తే వచ్చే చప్పుడు లోకంలో ప్రతి భాషకీ కావాలి. ఉన్న చప్పుళ్ళు కొద్ది, చెప్పాల్సినవి చాలా. కాబట్టి పొట్టి మాటలు ఎక్కడో ఒకచోట కలుస్తాయి. చుట్టరికం తేల్చాలంటే ఒక్క మాట చాలదు. చాలా మాటల్లో ఒకే పద్ధతిలో చప్పుళ్ళు మారుతూ రావాలి. కొరియాలో "నే" అంటే అవును, గ్రీకులో "నె" అన్నా అవునే. అందుకని గ్రీకులకీ కొరియన్లకీ చుట్టరికం కలపం కదా.

ఇంకో మాట. పాత తెలుగు పద్యాల్లో "నాఁ", "నాఁగ" అని ఒకటుంది. "అనగా" అని అర్థం, "అను" నుంచి వచ్చింది. "ఫలానా నాఁ బరగు" అంటే ఫలానా అనే పేరుతో పిలవబడే అని. ఒడియాలో "నాఁ" అంటే పేరు, పాత తెలుగులో "నాఁ" అంటే అనే పేరుగల. రెండిటికీ అరసున్నే. ఇది కూడా ఉత్త కాకతాళీయమే. అయినా పర్లాకిమిడిలో కూర్చుని పద్యం చెప్పుకుంటుంటే పక్కింట్లోంచి "నాఁ కొణొ?" అని వినపడితే ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను.

సిరోంచ_ఒడ్డు

మాస్టారు పడవ దగ్గర ఆగిన్రు, నేను అక్కడనే ఎక్కుత. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. అవతల ఒడ్డు కాళేశ్వరం. వంతెనలు రాకముందు అటు పోవాల్నంటే నావనే దిక్కు.

ఇంట్ల "నావ" అంటే పడవ. బడికి పోతే సారు మరాఠీల "తుఝ్ఝ నావ్ కాయ్?" అంటడు. చిన్న పోరలు మొదటి రోజుల్ల పడవ గురించి అడుగుతున్నడనుకుంటరు. మరాఠీల కూడా నావ్ అంటే పడవే, పేరు కూడా నావ్‌నే! కానీ వాళ్ళకు పడవ ఆడలింగం, పేరు నపుంసకలింగం. "మాఝీ నావ్" అంటే నా పడవ. "మాఝ్ఝ నావ్" అంటే నా పేరు. ముందు మాట చూస్తెనే తెలుస్తది.

అడివి దిక్కు గోండు పోరలు కూడ మా బళ్ళనే చదివెటోళ్ళు. గోండిల "నావా" అంటే నాది. గోండి ద్రావిడ భాషే కాబట్టి అది మన "నా"కు సొంత చుట్టమే అనుకుంట మాస్టారూ? అంటే మా బళ్ళ ఒకే బెంచి మీద పేరు ఒకరికి, పడవ ఒకరికి, నాది ఒకరికి. సారు ఒక్కసారి "నావ్" అంటే ముగ్గురికి మూడు తట్టేటివి. అయినా పది రోజులల్ల అందరు సర్దుకునేటోళ్ళు.

పర్లాకిమిడి_మాస్టారు

అవును నాయనా, సొంత చుట్టమే. నీ బెంచి సంగతి చాలా బాగుంది. ఇక్కడ మాకు గోండుల బదులు సవరలు. సవర భాష ద్రావిడం కాదు, సంస్కృతపు వైపుదీ కాదు, ముండా కుటుంబం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే సవరలని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ నోటివెంట ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం అచ్చయింది. అప్పటికి లిపి లేని ఆ భాషలో ఏ చిన్న మాట ఎక్కడ ఎలా పలుకుతారో ఆయన చెవితో పట్టుకున్నారు. మనం ఇక్కడ "నా" గురించి చేస్తున్నది ఆ పనిలో ఒక రవ్వ.

గుణుపురం_తెలుగు

అందరూ మంచి విషయాలు రాస్తున్నారు. కానీ బరంపురం అత్తగారి బెంగని తేలిగ్గా తీసేయకండి. మా ఊళ్ళో తెలుగు చెప్పే మాస్టారు రిటైరయ్యాక కొత్తవాళ్ళు రాలేదు. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. నాయనమ్మ రాసిన ఉత్తరం నేను చదివి వినిపించాలి. "నా" అంటే వద్దా, నాదా అన్నది రేపు సర్దుకుంటుంది. అక్షరాలు ఎవరు నేర్పుతారు? "నా అన్నవాళ్ళు" అని మనకొక మాట ఉంది. పక్క రాష్ట్రంలో బతికేవాడికి నా అన్నవాళ్ళు అంటే ఆ భాషలో పలకరించేవాళ్ళే. వాళ్ళు తగ్గిపోతుంటే పెద్దవాళ్ళకి గుండెల్లో గుబులు ఉంటుంది.

కటక్_అమ్మాయి_జయపురం_కోడలు

అన్నయ్యా, మీ బాధ నాకు అర్థమవుతుంది. మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను. ఒడియా అక్షరాలు, తెలుగు అక్షరాలు రెండిటికీ వరస ఒకటే: క ఖ గ ఘ. బళ్ళో పిల్ల ఒడియా "క" నేర్చుకున్న వారంలోనే మా మామగారు తెలుగు "క" నేర్పేవారు. పలక మీద పక్కపక్కన రాయించేవారు. ఒకే చప్పుడుకి రెండు బొమ్మలని పిల్లకి తెలిసిపోయింది. విడిగా ట్యూషన్ పెట్టలేదు. బెంగ పెట్టుకున్న అత్తగారికి పలక చేతికివ్వండి వదినా, ఆవిడ కంటే మంచి టీచరు దొరకదు.

బరంపురం_కోడలు

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారు చెప్పినట్టు గమనించాను. పాప నాతో, అత్తగారితో "నా బొమ్మ" అని కలిపే అంటోంది. పక్కింటి పిల్లలు లాక్కోబోతే "మోర, మోర" అని అరుస్తోంది. ఒట్టి "నా" అన్నప్పుడల్లా తల అడ్డంగా ఊపుతోంది. అంటే ఎవరి దగ్గర ఏది వాడాలో తనకి తెలుసు, తెలియనిది మాకే. అత్తగారికి చూపిస్తే ఆవిడ కూడా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

కటక్ వదినా, మీరు చెప్పిన ఐదో "నా" కూడా విన్నాను. "ఆసొ నా" అని వాళ్ళ తాతగారి చెయ్యి పట్టుకుని లాగుతోంది. మామయ్యగారు దాన్ని "రావద్దు" అనుకుని అక్కడే ఆగిపోతున్నారు, పాప ఏడుస్తోంది. "రా తాతా, రావూ" అంటోందని చెప్పాను. పలక ఐడియా కూడా మొదలుపెడతాం.

ఇంకొక్క సందేహం. వచ్చే ఏడు బళ్ళో వేయాలి. ఫారంలో "నాఁ" అన్నచోట ఇంటిపేరు ముందు రాయాలా, తర్వాత రాయాలా?

టోక్యో_కిమిడి

మాది పర్లాకిమిడే, ఉద్యోగం జపాన్‌లో. జపాన్ భాషలో "నా" అంటే పేరు అని ఒక అర్థం. క్రియ చివర పెడితే వద్దు అని: "ఇకు" అంటే వెళ్ళడం, "ఇకు నా" అంటే వెళ్ళకు. వాక్యం చివర ఊరికే తగిలిస్తే "కదూ" అన్నట్టుంటుంది. పేరు, వద్దు, కదూ, మూడూ ఒడియాలోనూ ఉన్నాయి! మాస్టారు చుట్టరికం కలపొద్దన్నారు కాబట్టి కలపడం లేదు. కానీ ఇది నేర్చుకునేటప్పుడు చిన్నప్పటి ఒడియా నాకు బాగా పనికొచ్చింది. ఒక ముక్క చోటుని బట్టి మారుతుందన్నది కొత్తగా అనిపించలేదు.

ధర్మాబాద్_మిర్చి

ఫారం సంగతి మా దిక్కుది చెప్త. మరాఠీల ఇంటిపేరును "ఆడ్‌నావ్" అంటరు. మొదటిసారి చూసిన తెలుగోళ్ళు "ఆడవాళ్ళ పేరు" రాయాల్నేమో అనుకుంటరు. చాలా ఫారాలల్ల ఆడ్‌నావ్, పేరు, తండ్రి పేరు, ఈ వరసల గడులుంటయ్. మన పద్ధతికి దగ్గర్నే ఉంటది కాబట్టి తిప్పలు తక్కువ.

కటక్_అమ్మాయి_జయపురం_కోడలు

మా వైపు అలా కాదు వదినా. ఒడియావాళ్ళు పేరు ముందు, ఇంటిపేరు చివర రాస్తారు. ఇంటిపేరుని సాంగియా అంటారు. ఫారంలో ఒకటే గడి ఉంటే క్లర్కు చివరి మాటని సాంగియాగా తీసుకుంటాడు. మీరు తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు రాస్తే, పాప పేరే సాంగియా అయిపోతుంది. జనన ధ్రువపత్రంలో ఏ వరసలో ఉందో ముందు చూసుకోండి, ఆధార్‌లోనూ అదే ఉందా సరిచూడండి. రెండూ ఒకటే అయితే ఫారంలో అక్షరం తేడా లేకుండా దాన్నే రాయండి. వేర్వేరుగా ఉంటే బళ్ళో వేయకముందే ఆధార్ సరిచేయించండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎక్కాక మార్పించడం చాలా కష్టం.